ఏ హైదరాబాద్?

తెలుగులో పిల్లల జబ్బుల పేర్లకేం కొదవలేదు. తట్టు, పొంగు, ఆటలమ్మ, గవదబిళ్లలు, కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం. వీటిల్లో సగం నేను నేర్చుకున్నది ఇంట్లో కాదు, మా ఊరి ఆస్పత్రి గోడ మీద. టీకాల పట్టికలో నీలం రంగుతో రాసి ఉండేవి. కంఠసర్పి అన్న మాట చదివి గొంతులోకి పాము దూరుతుందేమో అనుకునే వయసు. ఆ జబ్బు వచ్చిన పిల్లాణ్ణి మాత్రం ఎప్పుడూ చూడలేదు. చూడకపోవడానికి కారణం ఆ పట్టికేనని చాలా ఏళ్లకి గానీ తట్టలేదు. ఇన్ని పేర్లున్న భాషలో ఈ జబ్బులన్నిటినీ ఒకచోట పెట్టి చదువుకున్న డాక్టరుకి మాత్రం పేరు లేదు. గుండె డాక్టరు ఉన్నాడు, కళ్ల డాక్టరు ఉన్నాడు, ఎముకల డాక్టరు ఉన్నాడు. మా ఆవిడ ఏం డాక్టరని ఎవరైనా అడిగితే నేనొక పేరాగ్రాఫు చెప్పాల్సొస్తుంది.

ఆ పేరాగ్రాఫు సగంలో ఉండగానే మా పెద్ద మామయ్య ఆపేశాడు. "ఇన్ఫెక్షన్లకి స్పెషలిస్టేంట్రా? మన ఆరెంపీ కూడా యాంటీబయాటిక్ రాస్తాడు గదా!" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకది మంచి ప్రశ్న అనిపించింది. నేను డాక్టర్ని కాను. పగలు సాఫ్ట్‌వేర్ రాసి, రాత్రిళ్లు చదివిన పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకునే మనిషిని. రెండేళ్ల పైచిలుకుగా ఈ చదువుని డైనింగ్ టేబుల్ అవతలి పక్క నుంచి చూస్తున్నాను, అదీ నా అర్హత.

లెక్క ముందు చెప్పేస్తాను. అమెరికాలో పిల్లల డాక్టరు కావాలంటే ఎంబీబీఎస్‌కి సమానమైన చదువు తర్వాత మూడేళ్ల రెసిడెన్సీ. పిల్లల ఇన్ఫెక్షన్లలో నిపుణులు కావాలంటే ఆ పైన ఇంకో మూడేళ్ల ఫెలోషిప్. అందులో దాదాపు ఏడాది వార్డుల్లో తిరగడం, మిగతాది ఎక్కువగా పరిశోధన. చివర్న అమెరికన్ బోర్డ్ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల పరీక్ష. మా ఆవిడ విశాఖపట్నంలో ఎంబీబీఎస్ చేసింది, ఇక్కడ రెసిడెన్సీ చేసింది, ఇప్పుడు ఫెలోషిప్ మూడో ఏడాది.

ఈ చదువులో కత్తి లేదు, స్టెంటు లేదు, స్కోపు లేదు. మిగతా డాక్టర్లు తమకి అంతు చిక్కని జ్వరం వచ్చినప్పుడో, మందు పని చేయనప్పుడో వీళ్లని పిలుస్తారు. ఒకరోజు ఐసీయూలో, ఒకరోజు కేన్సర్ వార్డులో, ఒకరోజు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల దగ్గర. వెళ్లి పిల్లని చూస్తుంది, తల్లిదండ్రులతో మాట్లాడుతుంది, కింద మైక్రోబయాలజీ ల్యాబ్‌కెళ్లి కల్చర్ ప్లేట్ల మీద ఏం మొలిచిందో చూస్తుంది, పైకొచ్చి ఒక నోట్ రాస్తుంది. దాన్ని తన పైనున్న అటెండింగ్ డాక్టరు దిద్దుతారు. అంతే పని. అడగడం, చూడడం, ఆలోచించడం, రాయడం.

అడగడమంటే మామూలుగా కాదు. మొదటి ఏడాది నా మీదే ప్రాక్టీసు చేసేది. మీ ఇంట్లో తాబేలుందా? పిల్లి ఉందా, పిల్లి పిల్లా? గీరిందా? పెంపుడు ఎలుకలున్నాయా? పచ్చిపాలు తాగారా? ఎవరైనా వాళ్ల దేశం నుంచి ఇంట్లో చేసిన చీజ్ తెచ్చారా? నీళ్లు బావివా, మునిసిపాలిటీవా? బాబు మట్టి తింటాడా? మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఒక్కొక్క ప్రశ్న వెనక ఏముందో చెప్పింది. తాబేలు వెనక సాల్మొనెల్లా ఉంది. నాలుగు అంగుళాల లోపు డిప్పున్న బుల్లి తాబేళ్లని పెంపకానికి అమ్మడం అమెరికాలో 1975 నుంచి నిషేధం, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటారని. పిల్లి పిల్ల వెనక బార్టొనెల్లా. పచ్చిపాల వెనక బ్రూసెల్లా. ఇవేవీ అడక్కుండా ఎవరూ చెప్పరు. దాచాలని కాదు, అది చెప్పదగ్గ విషయమని తెలియక. మూడు వారాల జ్వరానికీ ఆదివారం సంతలో కొన్న తాబేలుకీ సంబంధం ఉంటుందని ఏ తల్లి అనుకుంటుంది?

నన్ను బాగా పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. "ఈమధ్య ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చాలా రోజులుగా దగ్గుతున్నారా?" పసిపిల్లలకి క్షయ వచ్చిందంటే అది దాదాపు ఎప్పుడూ దగ్గర్లో ఉన్న పెద్దవాళ్ల నుంచే వస్తుంది. అంటే పిల్లాడి జబ్బు పట్టుకున్నారంటే, ఇంట్లో ఇంకా ఎవరూ పట్టుకోని జబ్బు ఒకటుందని. ఆ ప్రశ్నకి జవాబుగా గదిలో ఒక మూల కూర్చున్న తాతయ్య వైపు అందరూ తిరిగి చూడడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మనవణ్ణి ఎత్తుకుని తిరిగిన చేతులు. అందుకే ఆ ప్రశ్న ఎలా అడగాలో కూడా నేర్పిస్తారట. తాతయ్యకి తప్పు చేసినట్టు అనిపించకూడదు. కానీ ఆయన రేపటికల్లా పరీక్షకి రావాలి.

కథల మీద రాసేవాణ్ణి కనుక నాకు వాళ్ల నోట్ మీద ఆసక్తి. మా ఆవిడ నాకు ఏ రోగి సంగతీ చెప్పదు, చెప్పకూడదు కూడా. కానీ నోట్ ఎలా ఉండాలో గంటలు గంటలు చెప్తుంది. డాక్టర్లలో ఒక జోకుందట: పిల్లకి ఏం జరిగిందో మొత్తం తెలుసుకోవాలంటే ఐడీ వాళ్ల నోట్ చదవాలని. మిగతావాళ్లు తమ అవయవం వరకే రాస్తారు, వీళ్లు మొదటి రోజు నుంచి వరసగా రాస్తారు. ఏది ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఏ పూట ఇచ్చారు, ఇచ్చిన ఎన్ని గంటలకి జ్వరం దిగింది, నిజంగా దిగిందా లేక పారాసిటమాల్ వల్లా? మొదటి ఏడాది తన నోట్లలో విశేషణాలు ఎక్కువ ఉన్నాయని అటెండింగ్ కొట్టేసేవారట. "బాగా నీరసంగా" అని రాయకు, పాలు తాగడం ఆపిందా, ఎత్తుకుంటే ఏడుస్తోందా అది రాయి. ఈ ముక్క మన వర్క్‌షాపుల్లో చెప్పించుకోవాల్సిన కథకులు నాకు ఓ పదిమంది తెలుసు.

ఇక హైదరాబాద్ సంగతి. ఫెలోలకి వారం వారం ఒక కాన్ఫరెన్స్ ఉంటుంది, పాత కేసుల్ని పేర్లు, ఆనవాళ్లు తీసేసి పాఠంగా చెప్తారు. ఒకసారి బోర్డు మీద ఇంతే రాశారట: అయిదేళ్ల బాబు, పది రోజుల జ్వరం, హైదరాబాద్ వెళ్లొచ్చారు, రక్తంలో టైఫాయిడ్ బ్యాక్టీరియా. ఏం మందు మొదలుపెడతారు? అందరూ మా ఆవిడ వైపు చూశారు, మీ ఊరే కదా అన్నట్టు. ఎవరో సెఫ్ట్రియాక్సోన్ అన్నారు. మా ఆవిడ అడిగింది: "ఏ హైదరాబాద్?"

తెలుగువాళ్లకి హైదరాబాద్ ఒక్కటే. ఆ మాట వినగానే ట్యాంక్‌బండ్, ఇరానీ చాయ్. సింధ్‌లో, కరాచీకి ఈశాన్యంగా ఇంకో హైదరాబాద్ ఉందని స్కూల్లో చదివి మర్చిపోతాం. 2016 నవంబరులో ఆ హైదరాబాద్‌లో పిల్లలకి ఒక కొత్తరకం టైఫాయిడ్ మొదలైంది. పాత మందులు మూడూ పని చేయలేదు. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి పని చేయలేదు. మామూలుగా ఇండియాలో టైఫాయిడ్‌కి వేసే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షనూ పని చేయలేదు. ఇక మిగిలింది నోటి మందుల్లో అజిత్రోమైసిన్, ఇంజెక్షన్లలో మెరోపెనెం లాంటివి. అంటే బోర్డు మీద రాసిన ఆ ఒక్క ఊరి పేరుకి రెండు అర్థాలు, రెండు మందులు. తప్పు హైదరాబాద్ అనుకుంటే బాబుకి రోజూ ఇంజెక్షన్ పడుతూనే ఉంటుంది, జ్వరం దిగదు. టైఫాయిడ్‌లో జ్వరం దిగడానికి ఎలాగూ కొన్ని రోజులు పడుతుంది కనుక, మందు పని చేయట్లేదన్న సంగతి కూడా ఆలస్యంగానే తెలుస్తుంది.

దీనికో కొసరు ఉంది. ఆ సింధ్ హైదరాబాద్‌లో 2018లో పిల్లలకి పెద్దఎత్తున వేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసింది. 2019 నవంబరులో పాకిస్తాన్ ఆ రకం టీకాని దేశపు మామూలు టీకాల పట్టికలో చేర్చుకుంది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. ఇదే ఎవరైనా కథగా రాసి నాకు చూపిస్తే, కాకతాళీయం మరీ ఎక్కువైంది, ఒక ఊరి పేరు మార్చండి అనేవాణ్ణి.

నా వృత్తిలోనూ రాత్రిళ్లు ఫోన్లు మోగుతాయి. మా ఇంట్లో రెండు ఆన్‌కాల్ ఫోన్లు పక్కపక్కన ఛార్జింగ్‌లో ఉంటాయి. రోగనిర్ధారణకీ డీబగ్గింగ్‌కీ పోలికలు చెప్పడం మా వాళ్లకి సరదా. లాగ్స్ చదవడం, ఈమధ్య ఏం మారిందని అడగడం, ఇవన్నీ నిజమే. కానీ ఆ పోలిక కొంతదూరం వెళ్లి ఆగిపోతుంది. నేను బగ్‌ని నా లాప్‌టాప్‌లో మళ్లీ పుట్టించి చూసుకోవచ్చు. నచ్చకపోతే నిన్నటి వెర్షన్‌కి వెనక్కి పోవచ్చు. అక్కడ కల్చర్‌లో ఏదైనా మొలవాలంటే ఒకటి రెండు రోజులు ఆగాలి. నెల లోపు పసికందుకి జ్వరమొస్తే అంతసేపు ఆగే వీల్లేదు. కాబట్టి తెలియకుండానే మందు మొదలుపెడతారు, తెలిశాక మారుస్తారు.

లేదా ఆపుతారు. మామయ్య ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడే దొరికింది. మొదలుపెట్టడం ఎవరైనా చేస్తారు, ఆరెంపీ కూడా. ఈ మూడేళ్లలో వాళ్లు నేర్చుకునేది ముఖ్యంగా ఆపడం. రాత్రి రెండింటికి మా ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతుంటే నాకు వినిపించేది ఒక పక్కే. "ఇవ్వండి" అనాల్సినప్పుడు ఫోన్ అర నిమిషంలో అయిపోతుంది. "అక్కర్లేదు" అనాల్సినప్పుడు ఇరవై నిమిషాలు. అవతల ఉన్నది తనకంటే పదిహేనేళ్లు సీనియరైన సర్జన్ కావచ్చు. ఆయన భయంలోనూ న్యాయముంది: రేపు ఏమైనా అయితే? ఇచ్చిన మందుకి ఎవరూ సంజాయిషీ అడగరు, ఇవ్వని మందుకే అడుగుతారు. అందుకని వాదించదు. మళ్లీ కథ మొత్తం వరసగా చెప్తుంది, ఏ కల్చర్ ఎన్ని గంటలైంది, ఏది మొలవలేదు, ఇంకా ఇస్తే మూత్రపిండాలకి ఏమవుతుంది, రేపు పొద్దున ఎన్నింటికి తనే వచ్చి మళ్లీ చూస్తుంది. చివరి మాట ముఖ్యమనుకుంటాను. మందు తీసేస్తున్నప్పుడు దాని స్థానంలో ఒక మనిషిని పెట్టాలి.

అయితే ఎప్పుడూ తగ్గించడమే జ్ఞానం అనుకుంటే అదీ పొరపాటే. దీనికి తను చెప్పే ఉదాహరణ డాక్సీసైక్లిన్. టెట్రాసైక్లిన్ జాతి మందులు చిన్నపిల్లలకిస్తే పెరుగుతున్న పళ్లలో చేరి పసుపు, బూడిద రంగు మరకలు పడతాయని పాత అనుభవం. ఎనిమిదేళ్ల లోపు వద్దు అన్నది తరాల తరబడి డాక్టర్లకి నరనరాన ఎక్కిన పాఠం. ఇక్కడ పిడుదు కాటు వల్ల వచ్చే జ్వరం ఒకటుంది. పేరు రాకీ పర్వతాలదైనా మిసోరీ, ఆర్కన్సా, టెనెసీ, నార్త్ కరోలినా వైపు ఎక్కువ. మొదటి అయిదు రోజుల్లో డాక్సీసైక్లిన్ పడకపోతే ప్రాణం మీదికొస్తుంది, పిల్లల్లో మరీ. రక్తపరీక్ష మొదటి వారంలో ఏమీ చెప్పదు. ఏ వయసైనా సరే ఇవ్వాలని సిఫారసులున్నా, పళ్ల భయంతో చాలామంది జంకేవాళ్లు. అమెరికన్ ఆదివాసీ రిజర్వేషన్ ఒకదానిలో, ఎనిమిదేళ్ల లోపు ఈ మందు తీసుకున్న 58 మంది పిల్లల పళ్లు పరీక్షించి 2015లో ఫలితం ప్రచురించారు. ఒక్కరికీ ఆ మరక లేదు. పాత టెట్రాసైక్లిన్ చేసిన నేరానికి డాక్సీసైక్లిన్ శిక్ష అనుభవిస్తూ వచ్చిందన్నమాట. పిల్లల డాక్టర్లు బైబిల్‌లా చూసే రెడ్ బుక్, 2018 సంచికలో ఏ వయసు వాళ్లకైనా మూడు వారాల వరకు ఇవ్వొచ్చని రాసింది.

ఈ మందు వంశవృక్షంలో మనవాడొకడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడే, అక్కడ పనిచేసే బెంజమిన్ డగ్గర్ మిసోరీ మట్టి నమూనా ఒకదాన్నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్లన్నిటికీ అదే మొదటిది. లోకానికి ప్రకటించింది 1948లో, సుబ్బారావు పోయిందీ ఆ ఏడు ఆగస్టులోనే. సుబ్బారావు మీద తెలుగులో రాసే వ్యాసాలు ఎక్కువగా నోబెల్ రాలేదన్న బాధ దగ్గరే ఆగిపోతాయి. మన జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ వచ్చిన పిల్లలకి ఇవాళ ఇచ్చేది ఆ వంశంలోని మందే అని కూడా అందులో ఒక వాక్యం ఉంటే బాగుంటుంది.

ఈ శాఖకి ఒక విచిత్రమైన దురదృష్టం ఉంది. గెలిచినకొద్దీ కనపడదు. తనకి పాఠం చెప్పే పెద్ద వయసు డాక్టర్లు రెసిడెన్సీలో ఉన్నప్పుడు హీమోఫిలస్ మెదడువాపు వచ్చిన పిల్లల్ని అదేపనిగా చూసేవాళ్లట. 1990 ప్రాంతాల్లో పసిపిల్లలకి టీకా వచ్చాక అది దాదాపు మాయమైంది. వాళ్లల్లో కొందరు ఎయిడ్స్ పిల్లల వార్డుల్లో యవ్వనం గడిపినవాళ్లు. 1994లో తల్లికీ, పుట్టిన బిడ్డకీ ఏజడ్‌టీ ఇస్తే బిడ్డకి హెచ్ఐవీ సోకడం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గిందని తేలినప్పుడు కాన్ఫరెన్స్ గదిలో ఏడ్చామని ఒకాయన చెప్పారట. ఇప్పుడు అదే ఆయన కుర్ర డాక్టర్లకి తట్టు ఎలా ఉంటుందో ఫోటోల్లో చూపించి నేర్పిస్తున్నాడు, చెంప లోపల ఇసకరేణువుల్లాంటి తెల్లచుక్కలు ఎక్కడ వెతకాలో. 2000లో అమెరికా తట్టుని నిర్మూలించామని ప్రకటించుకుంది. 2025లో టెక్సస్‌లో టీకా వేయించని ఇద్దరు బడిపిల్లలు దానితో పోయారు. ఆ రోజు మా ఆవిడ ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. మా అమ్మకి ఫోన్ చేసి, "అత్తయ్యా, మీకు చిన్నప్పుడు తట్టు వచ్చిందా? ఎలా ఉండేది?" అని అడిగింది. అమ్మ వేపాకుల గురించి, కళ్లు మండడం గురించి, పక్కింటి పిల్ల గురించి చెప్పింది. తను నోట్స్ రాసుకుంది.

ఇన్ని చెప్పాక డబ్బు సంగతి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. మూడేళ్లు ఎక్కువ చదివితే జీతం తగ్గే చదువు ఇది. ఫెలోషిప్ చేయకుండా ఆస్పత్రిలో పిల్లల డాక్టరుగా చేరిపోయినవాళ్లు చాలా చోట్ల వీళ్లకంటే ఎక్కువ సంపాదిస్తారు. ఇక్కడి వ్యవస్థ చేతితో చేసిన పనికి బాగా ఇస్తుంది, గంట ఆలోచించినదానికి తక్కువిస్తుంది. పైగా పిల్లల్లో చాలామందికి ఉండేది మెడికెయిడ్, ముసలివాళ్ల మెడికేర్ కంటే అది ఇచ్చేది తక్కువ. అందుకే ఫెలోషిప్ సీట్ల మ్యాచ్‌లో ఈ శాఖలో ఏటా చాలా సీట్లు ఖాళీగా మిగిలిపోతున్నాయి. మా మామగారు మొదట్నించీ కార్డియాలజీ అన్నారు, ఇప్పటికీ నెలకోసారి అంటారు. "అమ్మలూ, ఆలోచించుకున్నావా?" అని, అంతకంటే ఏం అనరు.

దీనికి తోడు వీసా. జే-1 మీద చదివిన డాక్టర్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలి, లేదా డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తామని మినహాయింపు తెచ్చుకోవాలి. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి అలాంటివి ముప్పై. చిక్కేంటంటే, పిల్లల ఐడీ ఉద్యోగాలుండేవి పెద్ద ఊళ్లలోని పెద్ద ఆస్పత్రుల్లో. మినహాయింపులు సులువుగా దొరికేది చిన్న ఊళ్లలో, మామూలు పిల్లల డాక్టర్లకి. ఈ వేసవిలో తన ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి చిన్న పట్నంలో మామూలు పిల్లల డాక్టరు ఉద్యోగం, జీతం ఎక్కువ, మినహాయింపు దాదాపు ఖాయం, ఆరేళ్ల చదువులో వెనకటి మూడేళ్లు పక్కన పెట్టేయాలి. రెండోది ఇంకో రాష్ట్రంలో పిల్లల ఆస్పత్రి, ఐడీ ఉద్యోగమే, చుట్టూ కొన్ని గంటల దూరం వరకు ఆ పని చేసేవాళ్లు లేరు, జీతం తక్కువ, ముప్పైలో చోటు దొరుకుతుందన్న పూచీ లేదు. దొరక్కపోతే రెండేళ్లు తను విశాఖలో, నేను ఇక్కడ.

నేను ఎక్సెల్ షీటు వేశాను. తను దాన్ని చూసి, నోట్ దిద్దే పద్ధతిలో రెండు గడులు కొట్టేసింది. రెండూ డబ్బు గడులే. వారం తర్వాత రెండోదాని మీద సంతకం పెట్టింది. ఫైలు అక్టోబరు 1న వెళ్తుంది. నేను ఆ ఊళ్లో అద్దెలెలా ఉన్నాయో వెతుకుతున్నాను. తను ఆ కౌంటీలో ఏయే రకాల పిడుదులుంటాయో చదువుతోంది.